పాతది తీసుకున్నాను

పోయినవారం నేను మీటింగులోంచి కుర్చీ వెనక్కి తోసి లేచి వచ్చేసిన దగ్గర ఆగాం. నా కోపం ఎలాంటిదో మొదట్నించీ చదువుతున్నవాళ్లకు తెలుసు. ఇప్పుడే మొదలుపెట్టినవాళ్లకు నాలుగు మాటల్లో చెప్పేస్తాను.

మా ఆఫీసు నిలబడింది కూర్పు అనే ఒకే ఒక్క పనిముట్టు మీద. ప్రోగ్రాములు రాసేవాళ్లు వాటిని ముక్కలుగా రాస్తారు. ఏయే ముక్కలు కావాలో జాబితా రాసి కూర్పుకు ఇస్తే, అది వాటిని ఏరుకొచ్చి, సరిచూసి, ఒకటిగా అతికి, నడిచే ప్రోగ్రాంగా చేతికిస్తుంది. జాబితాలో ఉన్న ముక్క కనబడకపోతే గొడవ చెయ్యదు. తన దగ్గర దాచుకున్న పాత కాపీ తీసి ఆ ఖాళీలో పెట్టేసి ముందుకు పోతుంది. ఎవరూ ఏమీ చెప్పకపోతే ఇదే దాని పద్ధతి. దాని పేరు సర్దుబాటు. ఆ పేరు పెట్టింది నేను, రాసిందీ నేనే, ఇరవై ఆరేళ్ల కిందట.

దాన్ని పీకేస్తానని కూర్చుంది మా అన్నయ్య కూతురు. ఆఫీసులో అందరూ దాన్ని పిడుగు అంటారు, నేనూ అంతే. కూర్పు పదో వెర్షన్ దాని చేతిలో ఉంది. ముక్క దొరక్కపోతే కూర్పు అక్కడే ఆగిపోవాలి, అందరికీ ఇదే డిఫాల్ట్, తప్పించుకోవడానికి మీట కూడా ఉండకూడదు అని దాని పట్టు. మా పాత వాడకందార్ల ప్రాజెక్టులు ఆరువందల నలభై తీసుకుని కొత్త పద్ధతిలో నడిపి చూసింది. నలభై ఒకటి ఆగిపోయాయి. వాటిలో చూపులేనివాళ్ల గ్రంథాలయంలో పుస్తకాలు చదివి వినిపించే యంత్రం ఒకటి. దాని గొంతు ముక్క రాసినాయన పోయి పదకొండేళ్లయింది. ఆ ముక్క అసలు ఎక్కడుందో ఎవరికీ తెలియదు. నెలనెలా కొత్త పుస్తకాలు చేర్చి మళ్లీ కూర్చినప్పుడల్లా సర్దుబాటు పాత గొంతునే తెచ్చి పెడుతోంది. "రేపు దాని గొంతు పెగలకపోతే ఎవరు జవాబు చెబుతారే?" అని అరిచి నేను లేచి వచ్చేశాను. గురువారం మధ్యాహ్నం పన్నెండింటికి వెర్షన్ బయటికి వెళ్లాలి. సంతకం నాది.

ఇవాళ ఆ గురువారం.

పొద్దున్న తొమ్మిదిన్నరకు నా గదిలో కూర్చుని, మూడో కప్పు టీ చల్లారబెట్టుకుంటూ, 'వద్దు' అనే మాటను మెయిల్లో ఎంత మర్యాదగా రాయవచ్చో ఆలోచిస్తున్నాను. మర్యాద నాకు ఎప్పుడూ ఆలస్యంగానే వస్తుంది. ఇంతలో పిడుగు తలుపైనా తట్టకుండా లోపలికి వచ్చింది. మోచేతుల దాకా దుమ్ము. చంకలో ఒక అట్ట ఫైలు.

"స్టోరు గదిలో దూరావా?" అన్నాను.

"దూరాను. బీరువా తాళం పూలకుండీ కింద పెడతావని ఆఫీసు మొత్తానికీ తెలుసత్తా."

"తెలిసినా ఎవరూ ముట్టుకోరు. నీకే ఉంది ఆ పొగరు."

"తిట్లు తర్వాత తింటాలే. ముందు ఇది చూడు."

ఫైలు నా బల్ల మీద పెట్టింది. అట్ట మీద నా చేతిరాతే, 'లిఫ్టు' అని. విప్పితే అంచుల నిండా చిల్లులున్న పాత ప్రింటరు కాగితం, మడతల మీద మడతలు. ఆ కాగితం వాసన తగలగానే నా కోపం సగం దిగిపోయింది. చెప్పుకుంటే సిగ్గుచేటు గానీ, మెయిలు రాయడం మానేసి కాగితం అంచు పట్టుకుని చిల్లులు నిమురుతూ కూర్చున్నాను.

అప్పట్లో మా ఆఫీసంటే కుట్టుమిషన్లు బాగుచేసే కొట్టు మీద ఒకే ఒక్క గది. కింద మిషన్ల టకటక, పైన మా కీబోర్డుల టకటక. మెట్ల మధ్యలో నిలబడితే ఏది ఏదో తెలిసేది కాదు. మా సారు, అన్నయ్య, నేను, అంతే జనం. ఉన్న కంప్యూటర్లు ఒకదాంతో ఒకటి మాట్లాడుకునేవి కావు. ఎవరి ముక్క వాళ్లు ఫ్లాపీలో వేసుకొచ్చి మూలనున్న పెద్ద మిషన్‌కు తినిపించాలి. కూర్పు నడిచేది దాని మీదే.

కిటికీకి అడ్డంగా ఒక తీగ కట్టి ఉండేది. బట్టల క్లిప్పులతో ఫ్లాపీలు దాని మీద వేలాడేవి. తీగ మీద ఉందంటే ఆ ముక్క పూర్తయినట్టు. ఇంకా పనుందంటే బిస్కెట్ల డబ్బాలో ఉంటుంది. ఇది అన్నయ్య పెట్టిన పద్ధతి. ఎవరూ ఎవరినీ అడగనక్కర్లేదు, తీగ చూసుకుంటే చాలు. చూడటానికి వచ్చినవాళ్లు, మీరు కంప్యూటర్లను ఉతికి ఆరేస్తారా అని నవ్వేవాళ్లు. ఇవాళ మా హాల్లో గోడంత తెర ఉంది, ఏ ముక్క పూర్తయిందో పచ్చగా వెలిగి చెబుతుంది. నాకు మాత్రం ఇప్పటికీ ఆ తీగ మీదే నమ్మకం. ఆ గదిని తలుచుకోని రోజు లేదు. అంత హాయిగా నేను మళ్లీ ఎప్పుడూ పని చేయలేదు.

ఆ గదిలో ఏది చెడినా అన్నయ్య నోట ఒకటే మాట వచ్చేది: "నేను చూసుకుంటాలే." ప్రింటరు కాగితం మింగినా, సారు చిందులు తొక్కినా, నేను అలిగి మెట్ల మీద కూర్చున్నా, అదే మాట.

"అత్తా, వింటున్నావా?"

"వింటున్నా, చెప్పు."

"ఆ నలభై ఒకటిలో లిఫ్టుల కంపెనీ కూడా ఉంది. ఎక్కడ ఆగిందో తెలుసా? తలుపు దగ్గర."

నాకు నవ్వొచ్చింది. "ఆగదా మరి! ఆ ముక్క వద్దన్నది నేనే కదే. ప్రమాదం జరిగాక వాళ్లు గాభరా పడిపోతే, మీ నాన్న రాసిన తలుపు ముక్క ఇవ్వకండి చాలు, జాబితా ముట్టుకోకండి, కూర్పు తనే పాతది పెట్టుకుంటుంది అని చెప్పాను. అప్పట్నుంచీ అలాగే నడుస్తోంది. చూశావా, సర్దుబాటు ఎంత పనికొచ్చిందో!"

పిడుగు నవ్వలేదు. అది నవ్వకపోతే వాళ్ల నాన్న ముఖమే.

ప్రమాదం సంగతి ఇదివరకు రెండుమూడుసార్లు పైపైన చెప్పాను. లిఫ్టుల కంపెనీకి మేము రాసిచ్చిన ప్రోగ్రాంలో తలుపు ముక్క అన్నయ్యది. తలుపులు మూసుకుంటున్నప్పుడు మధ్యలో పెన్సిలంత సన్నటిది అడ్డుపడినా వెంటనే వెనక్కి తెరుచుకోవాలి. అంతకుముందున్న పాత ముక్కకు ఆ తెలివి లేదు, గట్టిగా నెడితేనే ఆగేది. కొత్త ముక్క పెట్టామనుకున్న వారానికి వాళ్ల మేస్త్రి మొదటి బిల్డింగులో చెయ్యి అడ్డం పెట్టి పరీక్ష చేశాడు. తలుపు ఆగలేదు. కుడిచేతి రెండు వేళ్లు మొదటి కణుపు దాకా పోయాయి. విచారణలో అన్నయ్య నిలబడి, "ముక్క నాది, తప్పు నాది" అన్నాడు. ఆ సాయంత్రం రాజీనామా రాసిచ్చి, మెట్లు దిగి, కింద కుట్టుమిషన్ల కొట్లో పనికి కుదిరాడు. ఇప్పుడు ఆ కొట్టు ఆయనదే.

"ఈ కాగితం ఏమిటో గుర్తుందా?" అంది పిడుగు. "ఆ లిఫ్టు ప్రోగ్రాం కూర్చినప్పుడు కూర్పు అచ్చేసిన చిట్టా. రెండువందల పన్నెండో లైను చదువు."

కళ్లజోడు వెతుక్కున్నాను. అప్పటి ప్రింటరుకు తెలుగు రాదు, ఇంగ్లీషు అక్షరాల్లోనే తెలుగు అచ్చయ్యేది. యంత్రమైనా మనిషిలా మాట్లాడాలని అన్నయ్య పట్టుబట్టి రాయించిన వాక్యాలు. ఒకదాని కింద ఒకటి, 'మోటారు దొరికింది', 'గంట దొరికింది', 'మీటలు దొరికాయి'. రెండువందల పన్నెండో లైనులో, వాటిలాగే నెమ్మదిగా, ఏమీ జరగనట్టే ఉంది: 'తలుపు దొరకలేదు. పాతది తీసుకున్నాను.'

మళ్లీ చదివాను. కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చదివాను.

"తేదీ చూడు," అంది పిడుగు. "నేను పుట్టిన మర్నాడు. ప్రమాదానికి ముందు వారం. అత్తా, నాన్న రాసిన ముక్క ఆ లిఫ్టులోకి అసలు వెళ్లనే లేదు. మేస్త్రిగారి వేళ్లు తీసింది పాత ముక్క. మీరంతా కలిసి మంచిదాన్ని పక్కన పడేసి, ఆ పాతదాన్నే నమ్మకమైనదని నెత్తిన పెట్టుకున్నారు."

నా గుండె జారిపోయింది. ఈ మాట ఎన్నో కథల్లో చదివి, గుండె ఎలా జారుతుందని వెక్కిరించేదాన్ని. జారుతుంది.

"మరి ఆ ముక్క పెద్ద మిషన్‌కి ఎందుకు అందలేదు?" అంది. ఇప్పుడు దాని గొంతులో కోపం లేదు, నిజంగానే అడుగుతోంది. "నాన్న పూర్తి చెయ్యలేదా? తీగ మీద పెట్టడం మర్చిపోయాడా?"

అవును, మర్చిపోయి ఉంటాడు అని ఒక్క మాట అంటే అక్కడితో అయిపోయేది. ఆ మాట నాలుక చివరి దాకా వచ్చింది కూడా. పిల్ల నమ్మేది, అన్నయ్యను అడిగినా ఆయన తల ఊపేవాడు. యాభై రెండేళ్ల మనిషిని, ఈ ఆఫీసుకు పెద్దని, ఆ అబద్ధం కోసం ఎంత తొందరపడ్డానో చెప్పడానికి ఇప్పటికీ మొహం చెల్లడం లేదు.

"కూర్చో," అన్నాను. "నిలబడి వినే సంగతి కాదు."

కూర్చుంది.

"మీ అమ్మకి అప్పుడు నెలలు నిండాయి. ఆ రోజుల్లో ముక్క దొరక్కపోతే కూర్పు ఆగిపోయేది. నువ్వు ఇప్పుడు కావాలంటున్నావే, సరిగ్గా అలాగే. ఆగినప్పుడల్లా సారు మీ నాన్నని ఇంటి నుంచి పిలిపించేవాడు. ఆయన అన్నం ముందునించి లేచి వచ్చేవాడు. మీ అమ్మ ఒక్కతే ఇంట్లో. నాకు కడుపు తరుక్కుపోయేది. ఒక ఆదివారం కూర్చుని సర్దుబాటు రాశాను. ముక్క లేకపోతే పాతది పెట్టుకో, మా అన్నయ్యని పిలవకు అని. పది రోజుల కోసం రాశానే. నువ్వు పుట్టేదాకా చాలనుకున్నా."

"పది రోజులు," అంది పిడుగు.

"నువ్వు పుట్టిన రోజు మధ్యాహ్నం తలుపు ఫ్లాపీ తీగ మీదే ఉంది. పూర్తయిందని మీ నాన్నే పెట్టాడు. తీగ చివర ఉండేసరికి దాని మీద ఎండ పడుతోంది. ఫ్లాపీ ఎండకి వంకర పోతే మళ్లీ చదవదు. అందుకని తీసి డబ్బాలో పెట్టాను. ఎండ తప్పుకోగానే మళ్లీ తగిలిద్దామనుకున్నా. ఇంతలో మీ అమ్మకి నొప్పులని కబురొచ్చింది. అందరం పరిగెత్తాం. సాయంత్రం నిన్ను ఎత్తుకున్నాను. మర్నాడు పొద్దున్న మీ నాన్న ఆసుపత్రిలోనే ఉన్నాడు. నేనొక్కదాన్నే వచ్చి, తీగ మీదున్నవన్నీ వరసగా పెద్ద మిషన్‌కి ఇచ్చి, కూర్పు నడిపి, కాగితం చింపి ఫైల్లో పెట్టేశాను. చదవలేదు. ఆగలేదు కదా, ఇంక చదవడమెందుకు అనుకున్నాను."

డబ్బాలో ఉందంటే పని మిగిలినట్టు. ఆ పద్ధతి మాకు ఎంత అలవాటైపోయిందంటే, తర్వాత ఎవరూ డబ్బా మూత తీసి చూడలేదు. నేను కూడా.

"విచారణ రోజు నేను మీ నాన్నతో ఏమన్నానో తెలుసా?" అన్నాను. ఇంక ఆపుకోవడం నా వల్ల కాలేదు. "ఇంటి ధ్యాసలో పడి పని సరిగ్గా చూసుకోలేదు అన్నయ్యా నువ్వు, అన్నాను. ఆయన నా మొహంలోకి చూసి, అవునే అన్నాడు. అంతే."

ఏడుపొచ్చింది. ఏడ్చాను. పిడుగు వచ్చి నన్ను పట్టుకుంటుందేమో అనుకున్నాను. రాలేదు. రావాల్సిన పని కూడా లేదు. అది ఆ కాగితాన్ని తన వైపు తిప్పుకుని, లైను పక్కనున్న ఖాళీలో వేలు పెట్టింది.

"ఇదేంటి?"

పెన్సిల్ గుర్తు. చిన్న సున్నా, మధ్యలో చుక్క. వెలిసిపోయింది గానీ ఉంది. కాగితం మొత్తం మీద ఆ ఒక్క లైను దగ్గరే ఉంది.

నేను గుర్తుపట్టేలోపే అది గుర్తుపట్టింది. "నాన్న మిషన్ విప్పినప్పుడు మార్చాల్సిన భాగం మీద చాక్‌పీసుతో ఇదే పెడతాడు. చిన్నప్పట్నించీ చూస్తున్నా. అత్తా... నాన్న ఇది చదివాడు."

 చదివాడు. తన ముక్క లోపలికి వెళ్లలేదని తెలుసు. డబ్బాలో ఎవరు పెట్టారో, సర్దుబాటు ఎవరు రాశారో తెలుసు. ఆ గదిలో ఉన్నది ముగ్గురమే కాబట్టి అది కనుక్కోవడం పెద్ద కష్టమేం కాదు. తెలిసీ, ఫైలు ఎక్కడిదక్కడ పెట్టేసి, వెళ్లి తప్పు నాది అన్నాడు. నేను చూసుకుంటాలే అని పైకి అనలేదు, అంతే తేడా.

"నోరు విప్పితే ఒక్క రోజులో తేలిపోయేది!" పిడుగు లేచి నిలబడింది. ఇప్పుడు దాని కళ్లలో నీళ్లు. "నేను ఈ చదువు చదువుతానంటే ఎంత భయపడ్డాడో తెలుసా? నాలాగా పొరపాటు చేస్తావేమోనమ్మా అన్నాడు. నేను నమ్మాను. మా నాన్న పని రాని మనిషని నమ్మి పెరిగానత్తా. మీరిద్దరూ ఒకరి మీద ఒకరు ప్రేమతో ఇంత పని చేశారు. చెప్పి ఏడవచ్చు కదా!"

 తిట్టడానికి దానికున్నంత హక్కు ఇంకెవరికీ లేదు కాబట్టి తల వంచుకుని పడ్డాను.

గడియారం పదిన్నర కొట్టింది. టీ మీద మీగడ కట్టింది. కప్పు పక్కకు జరిపి, పదో వెర్షన్ కాగితాలు ముందుకు లాక్కున్నాను.

"నువ్వన్నదే ఖాయం," అన్నాను. "దొరక్కపోతే ఆగిపోవాలి. అందరికీ. మీట ఉండకూడదు."

"మరి గ్రంథాలయం?" అంది అది. తను గెలిచాక నా పక్షం గుర్తుచేసే పిల్ల. అందుకే దాని మీద కోపం నిలవదు నాకు. "వారమంతా నువ్వు అరిచిందాన్లో అదొక్కటి నిజం. వాళ్లు ఏ తప్పూ చెయ్యలేదు. పాత గొంతు తప్ప వాళ్లకి వేరే గొంతు లేదు."

అరగంట ఇద్దరం ఆ ఒక్క విషయం మీద కూర్చున్నాం. కాగితాల మీద కొట్టేసుకుంటూ, ఒకరి చేతిలోంచి ఒకరు పెన్ను లాక్కుంటూ. పాత గదిలో అన్నయ్యా నేనూ ఇలాగే పోట్లాడేవాళ్లం, చివరికి మాట ఎవరిదో గుర్తుండేది కాదు. ఆఖరికి తేలిందేమిటంటే, పాతది వాడుకోవచ్చు. కానీ కూర్పు తనంతట తాను తీసుకోదు. ఏ ముక్కకు పాతది కావాలో వాడేవాళ్లే జాబితాలో పేరు పెట్టి రాయాలి. పక్కన తమ పేరు, ఎందుకో కారణం కూడా రాయాలి. రాయకపోతే ఆగుతుంది. గ్రంథాలయం వాళ్లు ఒక్క లైను రాసుకుంటే వాళ్ల యంత్రం ఎప్పట్లాగే చదువుతుంది. ఆ లైను ఎలా రాయాలో పిడుగే ఇవాళ వెళ్లి చూపించి వస్తానంది.

"సర్దుబాటు అనే పేరు తీసేద్దామా?" అంది.

"వద్దు. పేరు ఉండనీ. చాటుగా చేయడం మానేస్తే చాలు."

సంతకం చేయబోయి ఆగాను. నలభై ఒకటిలో లిఫ్టుల కంపెనీ ఉంది. వాళ్లది ఆగితే, ఎందుకు ఆగిందో ముందే చెప్పాలి. ఆ కబురు మెయిల్లో పంపేది కాదు. నా దగ్గరున్న నంబరు మేస్త్రిదే. ఇప్పుడాయన ముప్ఫై రెండు లిఫ్టులకు పెద్ద. ఇరవై ఆరేళ్లలో నేను ఆయనతో మాట్లాడింది నాలుగుసార్లో ఐదుసార్లో. ప్రతిసారీ ఆయన చెయ్యి వైపు చూడకుండా మాట్లాడాను.

పదకొండుంబావుకు ఫోను చేశాను.

"చెప్పండమ్మా," అన్నాడు మేస్త్రి. వెనకాల ఎవరో గట్టిగా అరుస్తున్నారు. "మీ దాకా వచ్చిందా అప్పుడే?"

"ఏం వచ్చింది?"

"మీ అన్నయ్యగారి సంగతి కాదా?"

నేను పిడుగు వంక చూశాను. అది బల్ల దగ్గరికి వచ్చేసింది. ఫోను స్పీకర్లో పెట్టాను.

"కొత్త మేనేజరు వచ్చాడమ్మా. తలుపుల అంచుకి రబ్బరు పట్టీలుంటాయి చూడండి, ఏదైనా తగిలితే తలుపుని ఆపేవి, ప్రమాదం తర్వాత వేశాం. అవన్నీ తీసి పారెయ్యమన్నాడు. పాత ముక్క ఇన్నేళ్లు నమ్మకంగా నడుస్తోంది, ఇంక ఈ పట్టీలు దేనికన్నాడు. ఇవాళ మొదటి బిల్డింగు. మీ అన్నయ్యగారు తొమ్మిదింటికే వచ్చి, లిఫ్టు తలుపుల మధ్య కుర్చీ వేసుకుని కూర్చున్నారు. ఒళ్లో ఏదో తుప్పు పట్టిన బిస్కెట్ల డబ్బా. లెమ్మంటే లేవరు."

ఫోను దగ్గరికి వంగాను. "పట్టీలు తీస్తున్నారని ఆయనకెలా తెలిసింది?"

"భలేవారే! ఆ పట్టీలు ఏడాదికోసారి మారుస్తున్నది ఆయనే కదమ్మా. ముప్ఫై రెండు లిఫ్టులకీ తన మిషన్ మీద గుడ్డ అంచు కుట్టి తెస్తారు. ఒక్క ఏడు తప్పలేదు. మీకు తెలీదా?"

తెలీదు. ఆ కొట్లో వారానికి రెండుసార్లు కూర్చుని టీ తాగే చెల్లెల్ని, మూలన చుట్టలు చుట్టి ఉన్న నల్ల రబ్బరు ఎన్నిసార్లు చూశానో! ఇదేంటి అన్నయ్యా అని ఒక్కసారి అడగలేదు.

"ఎందుకు తియ్యకూడదో చెప్పమంటే నోరు విప్పట్లేదు," అన్నాడు మేస్త్రి. "పన్నెండింటికి మనుషుల్ని పెట్టి లేపిస్తానంటున్నాడు మేనేజరు. మీరైనా చెప్పండమ్మా."

ఫోను చేతులు మారిన చప్పుడు వినిపించింది. తర్వాత నేను పుట్టినప్పట్నించీ వింటున్న గొంతు, ఏ తొందరా లేకుండా: "చిన్నీ, నువ్వేం మాట్లాడకు. నేను చూసుకుంటాలే."

పిడుగు చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది.

"అన్నయ్యా," అన్నాను, "ఫోను స్పీకర్లో పెట్టి మేస్త్రిగారికియ్యి."

"వద్దు చిన్నీ."

"ఇయ్యి అన్నయ్యా. ఈ ఒక్కసారి నా మాట విను."

ఫోను మళ్లీ చేతులు మారింది. మేస్త్రి "ఊఁ" అన్నాడు.

"మేస్త్రిగారూ, మీ వేళ్లు పోయింది మా అన్నయ్య రాసిన ముక్క వల్ల కాదు."

"అది నాకెప్పుడో తెలుసమ్మా," అన్నాడాయన. "తప్పు చేసినవాడు దణ్ణం పెట్టి పోతాడు గానీ, ఇరవై ఆరేళ్లు పట్టీలు కుట్టడు. ఎవరి వల్లో అడిగితే మాత్రం ఆయన చెప్పరు. ఎవరి వల్లమ్మా?"

"నా వల్ల."

అవతల అరుపులు ఆగిపోయాయి. లిఫ్టు గంట ఒకసారి మోగింది.   చెప్పుకోవడానికి కారణాలు చాలా ఉన్నాయి, ఎండ, ఫ్లాపీ, పురుడు, అన్నీ. వాటిలో ఒక్కటీ ఆయన వేళ్లకి జవాబు కాదు.

"అయితే ఆ మాట ఫోన్లో కాదు," అన్నాడు మేస్త్రి. ఆయన గొంతులో కోపముందో లేదో నాకు తెలియలేదు. "ఇక్కడికి రండి. అందరి ముందూ, నా మొహం చూసి చెప్పండి. పన్నెండు దాకా మేనేజర్ని నేను ఆపుతాను. ఆ తర్వాత నా చేతిలో లేదు."

వెనకాల అన్నయ్య గట్టిగా అంటున్నాడు, "చిన్నీ, రాకు. చెప్పేది నీకే. రాకు!"

ఫోను పెట్టేశాను. పదో వెర్షన్ మీద సంతకం చేశాను. చిల్లుల కాగితం మడిచి, రెండువందల పన్నెండో లైను పైకి వచ్చేలా ఫైల్లో పెట్టాను. పిడుగు అప్పటికే బండి తాళాలు తీసుకుని గుమ్మంలో నిలబడి ఉంది, నా కోసమో వాళ్ల నాన్న కోసమో నేను అడగలేదు.

పన్నెండుకు ముప్ఫై ఐదు నిమిషాలుంది. చెప్పులు వేసుకున్నాను.